ఓడిండు దేవునికి మొక్కిన కన్ను

నా ఎడమ కన్ను ఎట్ల పోయిందో చెప్పే కథలు నా దగ్గర శాన ఉన్నయి. ఒకసారి మంథని నుంచి పెద్దపల్లికి పోయే బస్సుల పక్కసీటాయన అడిగితే, గోదావరి ఇసుకల ఎలుగుబంటితోని కుస్తీ పట్టిన అని మొదలువెట్టిన. ఆయన దిగాల్సిన ఊరు దాటిపోయింది. ఎలుగుబంటి ఏమైందో తెలుసుకోవాలని ఇంకో టికెట్ తీసుకొని మరీ పెద్దపల్లి దాక వచ్చిండు. బొగ్గు బాయి కాడ కొత్తగ కొలువుల చేరినోళ్లకు వేరే కథ చెప్పేటోన్ని: భూమి లోపట పైకప్పు కూలుతుంటే బండను కంటిరెప్పతోని ఆపిన, అందుకే నన్ను మర్యాదగ పైన కూసోవెట్టిండ్రు అని.

అసలు ముచ్చట చిర్రగోనె. ఎనిమిదేండ్లప్పుడు బడి ఎనుక ఆడుతుంటే కట్టెతోని కొట్టిన చిర్ర లేచొచ్చి కంట్ల తాకింది. అంతే. ఇంత చిన్న కథకు అంత పెద్ద కన్ను పోయిందంటే నాకే సిగ్గనిపించి పెంచుకుంట పోయిన.

ఆ కంటితోని ఎవరో వచ్చిండ్రని తెలుస్తది, ఎవరొచ్చిండ్రో తెల్వది. ఇన్నేండ్ల సంది నన్ను సాదుకొచ్చింది కుడి కన్ను. శ్రీరాంపూర్ల లాంప్ రూంల నా పని. షిఫ్టుకు దిగేటోళ్లకు టోపీ దీపం ఇచ్చుడు, ఎక్కి వచ్చినంక తీసుకొని చార్జింగుకు పెట్టుడు. మా దిక్కు బాయి అంటే బొగ్గు గని. నీళ్ల బాయిలు కూడ ఉన్నయి గని, ఒట్టిగ బాయి అంటే ఎవ్వనికీ నీళ్లు యాదికి రావు. ఈ మాట ముందుగాలనే చెప్పిపెడుతున్న, ఎందుకంటే నా కొంప ముంచింది గా మాటనే.

నా బిడ్డ కరీంనగర్ల డిగ్రీ చేసి ఇంటికొచ్చింది. పరీక్షలకు చదువుకుంటున్నది. హాస్టల్ల నేర్చుకున్న ఆట ఒకటి వెంట తెచ్చింది. బల్ల చుట్టు కూసొని ఆడుతరు. ఒకరు కథ నడుపుతరు, మిగిలినోళ్లు ఆ కథల మనుషులైతరు. "మీ ముంగట గుహ ఉన్నది. లోపట్నుంచి చప్పుడు వస్తున్నది. ఏం చేస్తరు?" అని కథ నడిపే మనిషి అడుగుతది. మనం ఏం చేస్తమో నోటితోని చెప్పాలె. చెప్పింది అయితదా కాదా అన్నది ఇరవై మొకాల పాచిక తేలుస్తది. పెద్ద అంకె పడితే పని అయితది, చిన్న అంకె పడితే బొక్కబోర్ల పడుతం.

"అంటే కూసొని అబద్ధాలు చెప్పుకునుడా?" అని అడిగిన.

"అబద్ధం కాదు బాపు, కథ."

"రెండిటికి ఫరక్ ఏంది?"

"అబద్ధమైతే ఎదుటోనికి తెల్వది. ఇక్కడ అందరికి తెలుసు."

నాకు గా ఫరక్ ఎన్నడు పెద్దగ అనిపియ్యలే. ఆటల చేరిన. ఆదివారం పొద్దటి షిఫ్టు అయినంక, మూడు గంటలకు, మా క్వార్టర్ ముందటి రేకుల కింద కూలర్ పెట్టుకొని కూసునేటోళ్లం. బిడ్డ కథ నడిపేది. ఆడేటోళ్లం ముగ్గురం: నేను, మా ఇంటామె, మంచిర్యాలల చష్మా దుకాణం నడిపే నా పాత దోస్తు. దోస్తును నేను భాయ్ అంట, బిడ్డ చాచా అంటది. ఇంటామె బియ్యం ఏరుకుంటనో చిక్కుడుకాయ తుంచుకుంటనో ఆడేది. ఆమెకు కథల మీద నమ్మకం లేదు. పెండ్లయినంక నేను చేసిన పని అది.

ఆటల నేను మంత్రగాన్ని. అయితే ఈ మంత్రగాడు చదివి నేర్చుకున్నోడు కాడు, ఎవరన్న పెద్ద దేవుని అండ పట్టుకొని బతికేటోడు. ఆ అండ దేవున్ని మనమే ఎంచుకోవాలె. ఉత్తరాన మంచు దేశాల పాత దేవుండ్ల పేర్లు బిడ్డ ఫోన్ల చదివింది. సుత్తె పట్టుకొని ఉరుములు ఉరిమేటోడు ఒకడు. వేషాలు మార్చేటోడు ఒకడు. వాడు నాకు శాన నచ్చిండు గని, "వద్దు బాపు, నీకు కొత్తగ నేర్పేది ఏం ఉండదు" అన్నది. ఆఖరుకు ఒక ముసలోడు. పెద్ద టోపీ, చేతుల బరిసె, భుజాల మీద రెండు కాకులు, ఒక్కటే కన్ను.

"గీయనే" అన్న. "మా సంఘపోడు. పేరేంది?"

"ఓడిన్."

ఇంటామె చాటల నుంచి తలెత్తింది. "ఎవలతోని ఓడిండు?"

"ఓడిండు కాదవ్వా. ఓడిన్. పేరే గది."

"లోకంల గింతమంది దేవుండ్లు ఉంటే మీ బాపుకు ఓడినోడే దొరికిండా? గెలిచినోడు ఒక్కడు లేడా?"

గా పూట సంది మా ఇంట్ల ఆయన పేరు ఓడిండు దేవుడే. బిడ్డ ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది. ఆయనకు ఒక కన్ను ఎట్ల పోయిందో చెప్పింది. తెలివి నీళ్లున్న బాయి ఒకటున్నదట. ఒక్క గుటక తాగినా లోకంల తెల్వంది ఉండదట. గుటక కావాలంటే కన్ను ఇయ్యాలె అన్నడట కావలాయన. ఓడిన్ కన్ను పీకి బాయిల ఏసి నీళ్లు తాగిండట.

భాయ్ సమోసా ఆపిండు. "ఏ బాయి బేటీ? ఓపెన్‌కాస్టా, అండర్‌గ్రౌండా?"

"నీళ్ల బాయి చాచా!"

"బాయిల కన్ను పోయిందంటే అన్‌ఫిట్ గదా. మరి కొడుకుకు కొలువు ఇచ్చిండ్రా లేదా?"

"ఇచ్చిండ్రు చాచా. గా ఉరుములోడు ఈయన కొడుకే. సుత్తె కొలువు" అన్నది బిడ్డ.

నవ్వి నవ్వి భాయ్ చాయ్ మీద పోసుకున్నడు. ఈ నవ్వు బయటోళ్లకు తెల్వది. మా దిక్కు బాయి పని చేసేటాయన ఇగ పనికి రాడని డాక్టర్ల బోర్డు కాయితం రాస్తే, ఆయన పిల్లలకు కొలువు దొరికే దారి ఉంటది. నాకు మా బాపు కొలువు అట్లనే వచ్చింది. అందుకే మా క్వార్టర్లల్ల ఎవరన్న కుంటుకుంట నడిస్తే "అయ్యో" అనరు. "బోర్డు ఎన్నడు?" అంటరు.

"బాపు, ఆయనతోని నీ ఒప్పందం చెప్పు. ఏం అడుగుతవ్? ఏం ఇస్తవ్?"

నేను లేచి నిలవడ్డ. మా అవ్వ పోచమ్మ ముంగట మొక్కినట్టు రెండు చేతులు జోడించిన. "తండ్రీ ఓడిండా! నేను ఏం చెప్పినా జనం నమ్మాలె. అంతకన్న నాకేం వద్దు. నీకు రెండు ఉండంగ ఒకటి ఇచ్చినవ్. నాకున్నదే ఒకటి. గా కుడి కన్ను నీకు మొక్కుతున్న."

"థూ! నీ నోట్ల మన్నువడ" అన్నది ఇంటామె. "ఏం మొక్కులయ్యా అవి?"

"మొక్కు కాదు బాపు, ఒప్పందం" అన్నది బిడ్డ. "మొక్కంటే పని అయినంక తీర్చేది. ఈయన ముందుగాలనే తీసుకుంటడు."

"తీసుకొని పని చెయ్యకపోతే?"

"గా భయం ఉంటెనే ఆట."

పాచిక ఏసిన. ఇరవై పడ్డది. భాయ్ బల్ల మీద గుద్దిండు. ఇంత పెద్ద అంకె పడిందంటే దేవుడు ఒప్పుకున్నట్టేనని బిడ్డ తన నోట్‌బుక్కుల రాసుకున్నది.

సోమవారం పొద్దున లాంప్ రూంల దీపాలు తీస్తుంటే కంటి ముంగట నల్లటి నలక తేలింది. బొగ్గు పొడి అనుకొని నీళ్లు కొట్టుకున్న. నలక పోలే. పైనుంచి కిందికి ఇంకిన్ని రాలినయి, ఎవరో గాజు లోపట మసి దులిపినట్టు. మధ్యాహ్నం కంటి మూలకు మెరుపు మెరిసింది. బయటికొచ్చి మొగులు చూసిన. ఎండ మండుతున్నది, మబ్బు లేదు.

బుధవారం నాటికి ఎడమ పక్క నుంచి నల్ల పర్ద మొదలైంది. కన్ను అటు తిప్పితే పర్ద కూడ అటే తిరుగుతది. నా ఎంబడి పనిచేసే జోడీదారుతోని చెప్పిన. "తమ్మీ, కుడి కన్ను పోతున్నదిరా. నల్లగ కమ్ముకొస్తున్నది."

వాడు చేతుల దీపం కింద పెట్టి, నా దిక్కు మెచ్చుకోలుగ చూసిండు. "అన్నా! మొదలువెట్టినవా? ఏం యాక్టింగే! బిడ్డకేనా? బోర్డు ఎన్నడు?"

"యాక్టింగ్ కాదురా. నీ అవ్వతోడు."

"చేతులు గట్ల ముంగటికి చాపకు. మరీ సినిమా గుడ్డోని లెక్క ఉన్నది. జర తక్కువ చెయ్యి."

సాయంత్రానికి క్వార్టర్లంత తెలిసింది. మార్కెట్ల ఇద్దరు ముగ్గురు నా చెయ్యి పట్టుకొని ఊపిండ్రు, పరీక్ష పాసైనోన్ని ఊపినట్టు. నేను నిజం నిజం అని ఎంత మొత్తుకుంటే గంత నవ్విండ్రు. నలభై ఏండ్ల సంది వీళ్లకు నేను చెప్పిన ప్రతి అబద్ధం ముందల "నిజంగ" అన్న మాట ఉన్నది. గా మాటను నేనే అరగదీసిన. ఇయ్యాల అవసరం పడి తీస్తే దాంట్ల ఏం మిగల్లే.

ఇంట్ల చెప్పిన. ఇంటామె రొట్టె కాలుస్తున్నది, ఎనుకకు తిరగలే. "మా తమ్ముని పెండ్లి నాడు ఛాతి నొప్పి అన్నవ్. నేను అంబులెన్సుల ఏడ్చుకుంట వచ్చిన. దవాఖాన్ల దిగంగనే సమోసా అడిగినవ్. యాదికున్నదా?"

"అది వేరు."

"అప్పుడు కూడ గదే అన్నవ్."

బిడ్డ దగ్గరికి పోయిన. ఆమె పుస్తకం మూసింది. ఎన్నడు లేనిది నా మీద గొంతు లేపింది. "నాకు బాయి కొలువు వద్దని ఎన్నిసార్లు చెప్పిన బాపు? నన్ను ఇక్కడ కట్టేసేటందుకు గుడ్డోని వేషం కడుతవా? కాలనీల అందరు నాకు కంగ్రాట్స్ చెప్తున్నరు. సిగ్గనిపిస్తలేదా?" లోపటికి పోయి తలుపు పెట్టుకున్నది. ఆమె మొకంల నాకు ఎడమ దిక్కున్న చెంప కనవడలేదని చెప్పేటందుకు నోరు తెరిచిన. తలుపుకు చెప్పిన.

ఇగ మిగిలింది భాయ్. శుక్రవారం ఆయన దుకాణానికి పోయిన. గోడకు అక్షరాల బోర్డు ఉంటది గదా, పెద్దక్షరం నుంచి చిన్నక్షరం దాక. ఇరవై ఏండ్ల సంది నేను ఆ దుకాణంల చాయ్ తాగుతున్న. ఆ బోర్డు నాకు నోటికి వచ్చు. కొత్త గిరాకీ వస్తే, వాళ్ల ముంగట వీపు బోర్డుకు తిప్పి నిలవడి ఆఖరు లైన్ దాక చదివి చూపేటోన్ని. "మా దుకాణం చష్మా పెడితే నెత్తెనుక గూడ కనవడుతది" అని.

ఆనాడు కుర్చీల కూసొని ఒక మాట అనుకున్న. నోటికి వచ్చింది చెప్పొద్దు, కంటికి కనవడ్డదే చెప్పాలె. పెద్దక్షరం చెప్పిన. రెండో లైన్ల సగం చెప్పిన. "ఇగ కనవడుతలేదు భాయ్" అన్న.

భాయ్ శాన సేపు నవ్విండు. "యార్, కండ్లు మూసుకొని చదివేటోనివి. ఇయ్యాల తెరుచుకొని చదవరాదంటున్నవ్. నా దగ్గర్నే ప్రాక్టీసా? బోర్డు డాక్టర్లు నా అంత పాగల్ కాదు, జాగ్రత్త."

నేను బతుకుల మొదటిసారి నిజాయితీగ కూసున్న పరీక్ష అది. అది గూడ అబద్ధం కింద లెక్కకు పోయింది.

శనివారం సెలవు పెట్టి ఒక్కన్నే బయలెల్లిన. మా దవాఖానకు కండ్ల డాక్టరు వారానికి ఒక్కనాడే వస్తడు, ఆ రోజు దాటిపోయింది. కరీంనగర్ పోదామని మంచిర్యాల బస్టాండ్ల నిలవడ్డ. బస్సుల బోర్డులు తెల్లటి మరకల లెక్క ఉన్నయి. పక్కన ఒకాయనను "తమ్మీ, ఇది కరీంనగర్ బండేనా?" అని అడిగిన. గొంతు విని తెలుసుకున్న, మా కాలనీ మనిషే.

"బోర్డు కనవడుతలేదా అన్నా?"

"కనవడుతలేదు తమ్మీ."

"అవునవును, కరీంనగరే. జల్ది ఎక్కు" అని చెయ్యి పట్టి ఎక్కిచ్చిండు. కింద ఎవరో కిసకిస నవ్విండ్రు. మందమర్రి దగ్గరికి వచ్చినంక కండక్టర్ చెప్పిండు, ఇది ఆసిఫాబాద్ బండి అని. దిగి రోడ్డు పక్క నిలవడ్డ. ఆయన మీద కోపం రాలే. నేను గూడ ఎంతమందిని ఇట్ల ఎక్కిచ్చిననో. లారీలు పోతుంటే చప్పుడు ముందు వస్తున్నది, లారీ తర్వాత వస్తున్నది. కరెంటు తీగ మీద కాకులు కూసున్నయని అరుపుతోని తెలిసింది. ఓడిండు దేవుని కాకులు లోకమంత తిరిగి ఆయన చెవుల వార్తలు చెప్తయని బిడ్డ చెప్పింది. తల పైకెత్తి ఆ తీగకు చేతులు జోడించిన.

"పోయి చెప్పుండ్రి మీ ముసలాయనకు. మొక్కు వాపస్ తీసుకుంటున్న. జనం నమ్మకపోయినా మంచిదే. ఒక్క కన్ను, అది గూడ పాతది, ఏం చేసుకుంటడు?"

పక్కన మేకలు కాసే ఆమె ఒకతె నన్ను చూసి, మేకలను జర దూరం తోలుకపోయింది. ఒక ఆటోవాని కాళ్లు మొక్కినంత పని చేసి ఇంటికి చేరిన.

ఆదివారం వచ్చింది. మూడు గంటలకు భాయ్ వచ్చిండు. బిడ్డ నాతోని మాట్లాడుతలేదు, అయినా బల్ల దగ్గర కూసున్నది. ఆట ఆటనే అన్నది. గుహల మృగం మా మీదికి దుంకుతున్నది. "బాపు, పాచిక ఏయి." మొకం నా దిక్కు తిప్పలే.

ఏసిన. కంటి దగ్గరికి వంగి చూసిన. "రెండు."

భాయ్ ఒంగి చూసిండు. "రెండేంది? పన్నెండు."

మృగం దెబ్బ తప్పింది. మళ్ల ఏసిన. "తొమ్మిది."

"పందొమ్మిది, యార్."

మూడోసారి మూడు అన్న. అది పదమూడు. భాయ్ పకపక నవ్విండు. "ఇయ్యాల ఉల్టా దొంగతనం చేస్తున్నడు బేటీ! జేబుల నుంచి తీసి ఎదుటోని జేబుల పెడుతున్నడు."

బిడ్డ నవ్వలే. పాచిక తీసుకొని నా మొకం ముంగట పట్టుకున్నది. కథ నడిపేటప్పుడు అడిగేటట్టే అడిగింది. "ఏం కనవడుతున్నది? చెప్పు."

"ఎడమ పక్కకు నల్లగ ఉన్నది. పర్ద లెక్క. అంచు వంకర. నీ చెయ్యి సగం ఉన్నది. పాచిక మీద నాలుగు ఉన్నది."

పాచిక మీద పద్నాలుగు ఉన్నదట. తర్వాత చెప్పింది.

"ఇంక?"

"అంతే బిడ్డా."

"అంతేనా? పర్ద ఎనుక ఎలుగుబంటి లేదా? ఎవ్వడు బరిసె పట్టుకొని నిలవడలేదా?"

"ఏం లేదు. ఒట్టి నల్లగ."

ఆమె కుర్చీ ఎనుకకు పడ్డ చప్పుడైంది. "అవ్వా, చెప్పులు తొడుక్కో. చాచా, మీ వ్యాన్ తీయుండ్రి." ఇంటామె ఏమైందే అన్నది. బిడ్డ ఆమె చెయ్యి పట్టి గుంజింది. "బాపు కథల ఇంత చిన్నగ ఏదన్న ఉన్నదా ఎప్పుడన్న? ఈయన బతుకుల ఎన్నడన్న తనకు తక్కువ అంకె చెప్పుకున్నడా? లేవుండ్రి!"

చష్మాలు తెచ్చే వ్యాన్ల నలుగురం కరీంనగర్ బాట పట్టినం. పెద్దపల్లి దాటినంక రోడ్డు ఎడమ పక్క మిల్లులు, చెట్లు, మైలురాళ్లు అన్ని మాయమైనయి. నాకు రోడ్డు సగమే మిగిలింది. భాయ్ స్టీరింగ్ పట్టుకొని ఊకె ఒక్కటే మాట. "బోర్డు చదవకుంటే నేనే నవ్విన. కండ్ల దుకాణం పెట్టుకొని నేనే నవ్విన. మాఫ్ చెయ్యి యార్." మాఫ్ చేసిన అని చెప్పిన. నమ్మినట్టు లేదు. ఇంటామె నా మోచెయ్యిని గట్టిగ పట్టుకొని కూసున్నది. నేను లోపట లెక్కలేనంతమంది దేవుండ్లకు మొక్కిన, అందరు మన దిక్కోళ్లే, పని అయినంక తీసుకునేటోళ్లు.

డాక్టర్ కంట్ల చుక్కలేసి, తెల్లటి లైటు కొట్టి చూసిండు. కంటి లోపటి పొర గోడ నుంచి ఊడిందని చెప్పిండు. "ఎన్ని రోజులైంది?"

"రేపటికి ఎనిమిది."

"ముందుగాలనే ఎందుకు రాలే?"

పొర నడిమి దాక ఊడుతున్నదట, ఎంత నిలుస్తదో చెప్పలేనన్నడు. మర్నాడు పొద్దున ఆపరేషన్ చేసి కంట్ల గ్యాస్ నింపిండ్రు. గ్యాస్ పొరను గోడకు ఒత్తిపెట్టాలంటే తొమ్మిది రోజులు బోర్ల పండుకోవాలె. తల ఎత్తొద్దు. తినుడు, తాగుడు, మాట్లాడుడు, అన్ని నేల దిక్కు చూసుకుంటనే.

"ఓడిన్ గూడ తొమ్మిది రోజులు చెట్టుకు ఏలాడిండు బాపు" అన్నది బిడ్డ, నా చెవి దగ్గర. "బరిసెతోని తన్ను తానే పొడుచుకొని. అక్షరాలు నేర్చుకునేటందుకు."

"దొరికినయా అక్షరాలు?"

"దొరికినయి."

"నాకు ఉన్నయి మిగిల్తే చాలు."

మంచం అంచు మీద నుదురు ఆనిచ్చి పడుకుంటే నేల బండలే లోకం. మూడో నాడు ఇంటామె మంచం కింద సాప పరిచి ఎల్లెల్కల పండుకున్నది, నా మొకం కింద ఆమె మొకం. పెండ్లయినంక అంత సేపు అంత దగ్గర ఒకల మొకం ఒకలం చూసుకోలే. చూసుకున్నం అనుడు తప్పు. ఆమె చూసింది. నాకు గ్యాస్ ఎనుక ఏదో కదిలింది.

"ఛాతి నొప్పి అప్పుడు నిజంగ వచ్చిందా?" అని అడిగింది.

"రాలే. అది అబద్ధమే."

"ఇది?"

"ఇది నిజం."

"ఊఁ" అన్నది. కొంగుతోని నా ముక్కు తుడిచింది. బోర్ల పండుకుంటే నీళ్లు ముక్కు కొస నుంచి కారుతయి, కిందున్నోళ్ల మీద పడుతయి.

గ్యాస్ కరిగిపోయేటందుకు నెలన్నర పట్టింది. డాక్టర్ తన పని తాను మంచిగ చేసిండు, ఆలస్యం మాది. వెలుతురు వచ్చింది. తలుపు, కిటికి, మనిషి ఒడ్డు పొడుగు వచ్చినయి. చీర రంగు వచ్చింది. మొకంల కండ్లు, ముక్కు కలిసిపోయి ఉంటయి. అక్షరం రాలే. ఇంతకన్న రాదని ఆఖరుకు చెప్పిండు. ఎనిమిది రోజులల్ల మూడో నాడు వచ్చినా వేరే తీరు ఉండేదేమో అని బిడ్డ అడిగితే, ఆయన "ఇప్పుడు గది ఎందుకమ్మా" అన్నడు.

లాంప్ రూంల ఇగ నాకు పని లేదు. కాయితం వచ్చింది. కాలనీల నా పేరు మారుమోగిపోయింది. ఉత్తగ నటిస్తె పట్టుకుంటరని నిజంగనే కన్ను తీయిచ్చుకున్నడట, ఎంత గుండె ధైర్యం, బిడ్డంటే గంత పానం! నేను చెప్పిన ఎలుగుబంటి కథ గూడ గంత దూరం పోలే. జోడీదారు ఇంటికొచ్చి నా కాళ్లు మొక్కిండు. "నువ్వు గురువువన్నా" అన్నడు. వానికి జరిగింది జరిగినట్టు చెప్పిన. "చెప్పు, చెప్పు, బాగున్నది" అన్నడు.

బిడ్డ కొలువుకు దరఖాస్తు పెట్టలే. "పెట్టుకుంటే వాళ్ల మాట నిజమైతది బాపు" అన్నది. ఇంటామె రెండు రోజులు గొణిగింది, తర్వాత గా కాయితం మడిచి గోధుమ డబ్బా కింద పెట్టింది. కన్ను దానంతట అదే పోయిందని చెప్పేటందుకు మా దగ్గర ఉన్న సాక్ష్యం గదొక్కటే, బిడ్డ పెట్టుకోని దరఖాస్తు.

ఆదివారాలు ఆట మళ్ల మొదలైంది. మొదటినాడు పాచిక ఏసి, వంగి, బల్లకు ముక్కు ఆనేటట్టు చూసిన. పాచిక ఒక మరక. అందాజగ ఏదో అంకె చెప్పొచ్చు. నోరు అలవాటు కొద్దీ తెరుచుకున్నది.

"కనవడుతలేదు బిడ్డా" అన్న.

నిజంగనా అని అడగలే. యాక్టింగా అనలే. "సరే బాపు" అన్నది, ఒంగి చూసింది. "పదిహేడు."

భాయ్ గొంతు సవరిచ్చుకున్నడు. ఇంటామె చిక్కుడుకాయ తుంచుడు ఆపింది. నేను ఏం చెప్పినా నమ్మాలని అడిగిన గదా ముసలాయనను. నమ్మేటోళ్లు ముగ్గురు దొరికిండ్రు. వాళ్లకు చెప్పేటందుకు నా దగ్గర మిగిలింది గా రెండు మాటలే. పాచిక మీద ఎంత పడ్డదో వాళ్లు చెప్తే, ఇప్పుడు నమ్మాల్సినోన్ని నేను.

ఇదంత నేను చెప్తుంటే రాస్తున్నది గూడ నా బిడ్డనే. అందుకని ఈ ఒక్క ముచ్చట మెల్లగ చెప్తున్న, ఆమె పెన్ను ఆగుతదేమో విందామని: గా పూట సంది నాకు పదికి తక్కువ ఒక్కసారి గూడ పడలే.